నేను పుట్టించిన బందరత్తయ్య

కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిన పిల్లలు గుడివాడలో మా ఇంటికి అప్పుడప్పుడూ వస్తుంటారు. కాఫీ తాగుతారు, సెల్‌ఫోన్లో వాళ్ళ క్లాసు వీడియోలు చూపిస్తారు. "మేడం, మా రెండో తరగతి పిల్లల పాటకి ఎన్ని లైకులొచ్చాయో చూడండి" అంటారు. నేను కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు నటిస్తాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంటుంది. ఆ పిల్లలు మర్యాదస్థులు కాబట్టి ఆ సంగతి అనరు.

నా సర్వీసులో బదిలీలూ ప్రమోషన్లూ అందరికీ వచ్చినట్టే వచ్చాయి. వాటి గురించి రాయడానికి కాగితం దండగ. ప్రైమరీ స్కూలు టీచరు పనిలో చదువు చెప్పడం ఒక వంతు. మిగతాదంతా ముక్కులు తుడవడం, తగువులు తీర్చడం, పలకలు వెతికిపెట్టడం, నిన్నటిదాకా గలగలలాడిన పిల్ల ఇవాళ మూగనోము ఎందుకు పట్టిందో కనుక్కోవడం. ఈ చివరి పని నాకు బాగా వచ్చని పేరుండేది. ఆ పేరే నా కొంప ముంచింది.

ఇక్కడ నేను రాస్తున్నది దాచిన విషయమేమీ కాదు. దివిసీమలో నేను పని చేసిన ఆ ఊళ్ళో ఎవర్నడిగినా ఇప్పటికీ చెబుతారు. ఊరి పేరు మాత్రం రాయను. వాళ్ళకి నా వల్ల వచ్చిన పేరు చాలు.

శుభ్రత బహుమతి

ముందు గుడివాడ దగ్గరి బడిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. తొంభైల మొదట్లో మాట. నాకు ఉద్యోగం కొత్త, ఉత్సాహం ఎక్కువ. మూడో తరగతిలో రైసు మిల్లులో పనిచేసే హమాలీ కొడుకొకడుండేవాడు. ఆటల్లో ఆఖరు, పాటల్లో ఆఖరు, చదువులో చెప్పక్కర్లేదు. బహుమతులిచ్చే రోజున అందరి చేతుల్లో సబ్బు పెట్టెలూ గ్లాసులూ చూసి వాడి కింది పెదవి వణకడం మొదలెట్టింది. పిల్లల పెదవి వణికితే నాకు చేతులాడవు. అప్పటికప్పుడు ఒక అట్ట ముక్క మీద "శుభ్రత బహుమతి" అని రాసి వాడికిచ్చేశాను. వాడికి నిత్యం చీమిడి. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు.

కానీ వాడు మారాడు. మర్నాటినుంచి మొహం కడుక్కుని వచ్చాడు, చొక్కా గుండీలు కుట్టించుకున్నాడు. వాళ్ళ నాన్న ఆ అట్టకి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టాడట. స్టాఫు రూములో అందరూ నన్ను మెచ్చుకున్నారు. మంచి కోసం ఆడిన అబద్ధం అబద్ధం కాదని నాకు గట్టిగా తలకెక్కింది. మొదటిసారే అబద్ధం బెడిసికొట్టి ఉంటే బాగుపడేదాన్ని. అలాంటి అదృష్టం నాకు లేకపోయింది.

గోడ మీద పేజీలు

రెండు వేల ఏడో, ఎనిమిదో సంవత్సరం. చల్లపల్లిలో అద్దెకుంటూ, రోజూ బస్సెక్కి మోపిదేవి, అవనిగడ్డ దాటి, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ ఊరి బడికి వెళ్ళేదాన్ని. ఊళ్ళో రైతులు, ఊరి చివర పల్లెపాలెంలో చేపల వేట మీద బతికేవాళ్ళు. అందరికీ బడి ఒక్కటే. అయితే రైతుల పిల్లలు ఒక్కొక్కరే కాన్వెంటు వ్యానెక్కేస్తున్నారు. పొద్దున్నే ఆ వ్యాను హారన్ వినిపిస్తే మా హెడ్మాస్టారి మొహం వాడిపోయేది. ఆయన చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఏమడిగినా "చూద్దాం లెండి" అనేవారు.

అవనిగడ్డలో జరిగిన ఒక మీటింగులో మండల విద్యాధికారి గారు, "కాన్వెంటులో కంప్యూటరుందని పిల్లల్ని పంపిస్తున్నారు. మనం ఊరుకుంటే బళ్ళు మూసుకోవాలి. ఏదైనా కొత్తది చేసేవాళ్ళెవరు?" అని అడిగారు. చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. వెనక కూర్చున్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్ళంతా నెట్ సెంటర్లలో ఒక స్నేహాల సైటులో మునిగి తేలుతుండేవారు. పేజీ తెరుచుకుని ఫోటో పెట్టుకోవడం, ఒకరి పేజీ మీద ఇంకొకరు చిన్న కబురు రాయడం, అంతే. ఆ కబుర్ని స్క్రాప్ అనేవారు. "స్క్రాపంటే పాత ఇనప సామాను కదండీ" అన్నాడు మా ఐదో తరగతి కుర్రాడొకడు. వాడికున్న అనుమానం నాకు రాలేదు. ఎక్కడో ఉన్న మనుషులు మన పిల్లలు రాసింది చదివి జవాబు రాస్తారు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

బడిలో నెట్టు లేదు. అందుకని ఇలా చేశాను. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఒక్కొక్కరూ ఒక అట్ట మీద తమ గురించి రాసి గోడకి అంటించారు. అది వాళ్ళ పేజీ. శనివారం నేను ఆ రాతల్ని చల్లపల్లి బస్టాండు దగ్గర నెట్ సెంటరుకి తీసుకెళ్ళి, బడి పేరున తెరిచిన పేజీలో ఒక్కొక్కరి ఫోటో కింద టైపు చేయించేదాన్ని. వచ్చిన జవాబుల్ని ప్రింటు తీయించి, సోమవారం పిల్లల అట్టల కింద అంటించేదాన్ని. ఆ సైటులో చిన్నపిల్లలు చేరకూడదని నిబంధన ఉంది. చదివాను కూడా. బడి పేరున తెరిచాను కదా, పిల్లలు చేరినట్టు కాదులే అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడెవరైనా పిల్లల ఫోటోలు, తండ్రుల పేర్లు, ఊరు అన్నీ అలా ఊరి మీద వదిలేస్తే సస్పెండ్ చేస్తారు. చెయ్యాలి కూడా.

ఇంకో ఘనకార్యం ఉంది. పరిచయమంటే ఇంటిపేరుతో సహా చెప్పాలని పిల్లలకి నేర్పాను. మన కృష్ణా జిల్లా మర్యాద అది. బస్సులో పక్క సీటావిడ కూడా "మీ ఇంటిపేరేంటండీ?" అన్నాకే కిటికీ తెరవనిస్తుంది. అందరూ నిండుగా ఇంటిపేర్లు రాశారు. నాకది ముచ్చటగానే ఉంది.

హెడ్మాస్టారు గోడంతా ఓసారి చూసి "చూద్దాం లెండి" అన్నారు.

వరసలు

ఆ ఊరి పేరుతో సైటులో ఒక గుంపుండేది. ఊళ్ళోంచి వెళ్ళి హైదరాబాదులో, బెంగుళూరులో, ఇంకా పై దేశాల్లో స్థిరపడ్డవాళ్ళు అందులో కబుర్లాడుకునేవారు. వాళ్ళు మా బడి పేజీ చూశారు. జవాబులు వెల్లువెత్తాయి.

"ఒరేయ్, మీరు చెరువుగట్టు వాళ్ళా? మీ తాతగారు మా నాన్నగారికి బావ వరస అవుతారు. బాగా చదువుకో." "అమ్మలూ, మీ నాన్నా నేనూ ఒకే బెంచీ. నన్ను బాబాయ్ అనాలి నువ్వు." అన్నీ ఇదే బాణీ. ఇంటిపేరు చూడటం, వరస కలపడం, దీవించడం. పిల్లలేం రాశారో చదివినవాళ్ళు తక్కువ.

సోమవారం ప్రార్థన అవగానే నేను ఒక్కొక్క జవాబూ పైకి చదివి, చప్పట్లు కొట్టించి, అట్ట కింద అంటించేదాన్ని. కాగితం కింద కాగితం. కొందరివి గోడ మీంచి దిగి నేలకి తగిలాయి. కాన్వెంటుకి వెళ్ళిపోదామనుకున్న ఇద్దరు ముగ్గురు ఆగిపోయారు. మండల విద్యాధికారి గారు ఫోన్ చేసి "శభాష్ మేడం" అన్నారు. నేను చాలా రోజులు భూమ్మీద నడవలేదు.

పల్లెపాలెం పిల్లలకి జవాబులు రాలేదు. ఆ పాలెంలోంచి వెళ్ళి నెట్టు ముందు కూర్చున్నవాళ్ళు అప్పటికి లేరు. వాళ్ళ ఇంటిపేర్లతో వరస కలిపేవాళ్ళు ఆ గుంపులో ఒక్కరూ లేరు. మగపిల్లలు రెండు వారాలు చూసి, పట్టించుకోవడం మానేసి ఆటల్లో పడ్డారు. దుర్గ మాత్రం మానలేదు.

దుర్గ నాలుగో తరగతి. అమ్మా నాన్నా ఎక్కడో రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవారు, పిల్ల నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆవిడ పేరు నాంచారమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. దుర్గ ఆవిణ్ణి మామ్మా అని పిలిచేది, పాలెమంతా అలాగే పిలిచేది. దుర్గ తన పేజీలో ఇలా రాసింది: "నేను ఒక పీతని పెంచాను. దానికి రాజు అని పేరు పెట్టాను. మా మామ్మ రాజుని కూర వండేసింది. నేను తినలేదు. కొంచెం తిన్నాను."

గోడ మొత్తం మీద చదవదగ్గ పేజీ అదొక్కటే. దాని కింద ఖాళీ.

ఒక సోమవారం అందరూ ఆటకి వెళ్ళాక దుర్గ నా బల్ల దగ్గరికొచ్చింది. "టీచర్, నాది దారిలో పడిపోయిందేమో. మీ సంచీ ఓసారి చూడండి" అంది. నేను సంచీ తెరిచి, ఉన్నవన్నీ బల్ల మీద పోసి చూపించాను. టిఫిను డబ్బా, గొడుగు, చాక్‌పీసులు. పిల్ల సంచీ అడుగున చెయ్యి పెట్టి కూడా వెతికింది. తర్వాత దాని కింది పెదవి వణికింది.

వసంత

ఆ శనివారం నెట్ సెంటరులో ఇంకో పేజీ తెరిపించాను. "ఎవరికి మేడం?" అన్నాడు నెట్ సెంటరతను. "మా ఆడపడుచుకి" అన్నాను. నాకు ఆడపడుచులు లేరు.

వసంత అని పేరు పెట్టాను. ఊరు బందరు. దుర్గ ఫోటో కింద ఇలా రాశాను: "దుర్గా, నీ పీత కథ చదివి నవ్వాపుకోలేకపోయాను. రాజుని తిన్నందుకు బాధపడకు. చిన్నప్పుడు కొన్నాళ్ళు నేను మీ పాలెంలోనే ఉన్నాను. రేవులో గవ్వలేరుకుని ఒళ్ళో పోసుకుని తిరిగేదాన్ని. మీ వాళ్ళందరూ నాకు తెలుసు. నన్ను అత్తయ్యా అని పిలువు."

పాలెంలో ఉన్నానని ఎందుకు రాశానంటే, ఊరికే దారిన పోయే మనిషి మెచ్చుకుంటే ఆ పిల్లకి చాలదనిపించింది. ఊరి పిల్లలందరికీ చుట్టాలొచ్చారు. దీనికీ చుట్టమే కావాలి. కాబట్టి చుట్టాన్ని తయారు చేశాను.

సోమవారం చదివి అంటించాను. దుర్గ ఆ కాగితం ముందు నిలబడి, అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుకుంది. ఆ వారమంతా తరగతిలో దాని గొంతే వినబడింది. లెక్కల్లో ముందుకొచ్చింది. ఆటల్లో రైతు పిల్లల్ని "మా అత్తయ్యకి చెబుతా" అని బెదిరించింది. వసంత ప్రతివారం రాసింది. చెప్పొద్దూ, రాయడం నాకు బాగుండేది. చల్లపల్లిలో ఒంటరి గదిలో ఉండే నాక్కూడా ఒక మేనకోడలు దొరికినట్టుండేది. పిల్ల కోసమే చేశానని అందరితో అన్నాను. అది పూర్తి నిజం కాదు.

నాంచారమ్మ

ఒక మధ్యాహ్నం నాంచారమ్మ ఖాళీ గంప గుమ్మంలో దించి లోపలికొచ్చింది. దుర్గ చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి తన పేజీ దగ్గరికి తీసుకెళ్ళింది. వసంత రాసినవన్నీ పైనుంచి కిందిదాకా చదివి వినిపించింది. ఆవిడ పక్క పిల్లల కాగితాలు నేలకి దిగి ఉండటం కూడా చూసింది. వింటూ వింటూ గోడకి చేరగిలబడింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి కింద కూర్చుంది. కుర్చీ చూపిస్తే వద్దంది.

"పంతులమ్మగారూ, ఆ బందరామె నా కూతురేనమ్మా. మా సుబ్బులు" అంది.

నాకేం అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. రొయ్యల కాలంలో పాలేనికొచ్చే ఐసు లారీ అబ్బాయితో కూతురు వెళ్ళిపోయింది. అప్పటికి దుర్గ పుట్టలేదు. "మా ఆయన కనపడితే నరుకుతానన్నాడు. అందుకనే పేరు మార్చేసుకుంది" అంది.

"మామ్మా, వేరే ఎవరో అయ్యుంటారు. ఆమె పేరు వసంత" అన్నాను.

"వేరేవోళ్ళకి మా పిల్లతో ఏం పనమ్మా? గవ్వలేరేది మా సుబ్బులే. ఒళ్ళో పోసుకుని ఇల్లంతా ఇసక సేసేది. మా పాలెంలో దుర్గనీ, పీతల్నీ, మమ్మల్నీ తలుసుకునే పరాయి మనిషి ఎవురున్నారు, మీరు సెప్పండి."

ఎవరూ లేరు కాబట్టే కదా నేను పుట్టించింది.

"దానికి రాయండమ్మా. అయ్య పోయాడని రాయండి. ఇంక కొట్టేవోడు లేడని రాయండి. ఒక్కసారి వొచ్చి కనపడి ఎల్లమనండి. అన్నం కూడా అడగనని రాయండి."

నేను కాగితం తీసుకుని ఆవిడ ఎదురుగా ఆ మాటలన్నీ రాశాను. ఆవిడ నా చేతికి దణ్ణం పెట్టి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే, ఆవిడ బాధ ఒక పూటతో పోయేది. నేను ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

హెడ్మాస్టారికి చెప్పాను. "చూద్దాం లెండి" అంటారని ఆశపడ్డాను. "ఇవాళే చెప్పాలి మేడం. సాయంత్రం బస్సు పోతే పోయింది. నేను కూడా వస్తాను పదండి" అన్నారు. సర్వీసు మొత్తంలో ఆయన నాకిచ్చిన స్పష్టమైన ఉత్తర్వు అదొక్కటే. నేను "రేపు వెళ్దామండీ" అన్నాను.

రేపు అనడానికి కారణముంది. పై వారంలోనే మండల విద్యాధికారి గారు వేరే మండలాల టీచర్లని వెంటబెట్టుకుని మా గోడ చూడటానికి వస్తున్నారు. ఆ గోడ మీద ఒక దొంగ పేజీ ఉందని పాలెమంతా తెలిసిపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ముసలావిడ కడుపుకోత ఒకవైపు, నా పరువొకవైపు. ఏది బరువైందో నేను చేసిన పనే చెబుతుంది.

సోమవారం వసంత చివరి కబురు చదివాను. "దుర్గా, మేం బందరు వదిలేసి చాలా దూరం వెళ్ళిపోతున్నాం. ఇక రాయడం కుదరదు. బాగా చదువుకో." చక్కగా దారం తెంపేశాననుకున్నాను. నాంచారమ్మ చెప్పిన మాటలకి జవాబే లేదు అందులో. ఇక కొట్టేవాడు లేడని తెలిశాక కూడా కూతురు తల్లి మొహం చూడకుండా వెళ్ళిపోతోందని ఆ తల్లికి చెప్పినట్టయింది. ఇది నాకు అప్పుడు తోచలేదు. తోచకపోవడానికి నేనేం చిన్నపిల్లని కాదు.

మర్నాడు దుర్గ బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మండల విద్యాధికారి గారు మాత్రం వచ్చారు. గోడ చూసి అందరూ ఆహా అన్నారు. "పాలెం పిల్లకి కూడా జవాబులొచ్చాయే!" అన్నారు ఒక టీచరు దుర్గ పేజీ దగ్గర నిలబడి. నేను నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

వాళ్ళ కార్లు వెళ్ళిపోయాక పాలెం పిల్లని ఒకదాన్ని పిలిచి దుర్గేదని అడిగాను. "మామ్మా అదీ రోజూ బందరెల్తన్నారండి. బస్టాండులో కూకుంటారంట. దూరం ఎల్లేవోళ్ళు బస్టాండుకి రాకుండా ఎట్టా ఎల్తారు అంది మామ్మ."

మధ్యలో నాలుగు మాటలు

ఉపదేశాలు చివర్లో చెప్పడం నాకిష్టం లేదు. అందుకే ఇక్కడే చెప్పేస్తాను, వినేవాళ్ళు వినండి.

పిల్లలకి ఈ సైట్లూ గ్రూపులూ చూపించొద్దని నేననను. మనం చూపించకపోతే ఇంట్లో బాబాయి చూపిస్తాడు. కానీ ఎదిగే పిల్ల విలువని బయటివాళ్ళ చేత కాటా వేయించి, ఆ తూకాన్ని గోడకి అంటించకండి. మన పెళ్ళిపందిట్లో ఎవర్ని ముందు కూర్చోబెడతారో, ఎవర్ని వెనక నిలబెడతారో, ఆ తెర మీదా అంతే. కంప్యూటరు కొత్తదైనంత మాత్రాన దాని ముందు కూర్చున్నవాళ్ళు కొత్తవాళ్ళు కారు. ఇది మొదటి సోమవారమే నాకు కనబడింది. కనబడినా గోడ దింపలేదు, ఎందుకంటే శభాష్ వస్తోంది. జవాబులు రాని పిల్ల దగ్గర నేను కూర్చుని, "నీ పీత కథ నాకు నచ్చింది, ఇంకోటి చెప్పు" అని నా సొంత నోటితో అంటే సరిపోయేది. టీచరు మెచ్చుకోలు చిన్నదనుకుని దొంగ అత్తయ్యని తెచ్చాను. నా మాటకి నేనే విలువ ఇవ్వలేదు.

బందరు బస్టాండు

హెడ్మాస్టారు సెలవు చీటీ కూడా అడగలేదు. "వెళ్ళండి" అన్నారు. బస్సులో దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. దిగేసరికి ఒక్క ముక్క మిగల్లేదు.

విజయవాడ బస్సులాగే చోట, సిమెంటు బెంచీ మీద ఉన్నారిద్దరూ. నాంచారమ్మ ఒళ్ళో గుడ్డ మూట. ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని ఉంది. వచ్చే ప్రతి ఆడమనిషి మొహంలోకీ వంగి చూస్తోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"కబురొచ్చిందామ్మా?" అంది.

నేను బెంచీ మీద కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. వసంత లేదని, అదంతా నేనే రాశానని, దుర్గ చిన్నబుచ్చుకుంటే చూడలేక రాశానని, సుబ్బులు సంగతి నాకు తెలియదని. గవ్వల మాట కూడా ఊహించి రాసిందేనని. ఒక బస్సు హారన్ కొడుతుంటే ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టం.

ఆవిడ తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకున్నా పడేదాన్ని. ఆవిడ మెల్లగా కూర్చుని మూట మీద చేతులు పెట్టుకుంది.

"దానికి రాయడం రాదని నాకు తెల్సమ్మా" అంది. "మేం బళ్ళో ఏత్తేగా. మీరు నాకు రాసిపెట్టారు సూడండి, అట్టాగే ఎవరో పంతులమ్మ దానికీ రాసిపెడతందనుకున్నా. బందరులో కూడా ఒక మంచామె దొరికింది మా పిల్లకి అనుకున్నా."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. జనం చూస్తున్నారని కూడా అనిపించలేదు.

కాసేపటికి ఆవిడే మూట విప్పింది. చింతకాయ వేసి వండిన ఎండురొయ్యల కూర, అన్నం. "దానికని పొద్దున్నే వండుకొచ్చా. పాడైపోద్ది, తినండి" అని అన్నం కలిపి నాకో ముద్ద, దుర్గకో ముద్ద పెట్టింది. తను తినలేదు. ఆ ముద్ద నేను మింగాను. అలాంటి అన్నం మింగినవాళ్ళకి అరుగుదల ఉండకూడదు, నాకు అరిగింది.

తిరుగు బస్సులో నాంచారమ్మ ముందు సీటులో కూర్చుని, తల కడ్డీకి ఆన్చి నిద్రపోయింది. దుర్గ నా పక్కన. బస్టాండులో నేను చెప్పిందంతా ఆ పిల్ల విన్నది. చల్లపల్లి వచ్చింది. నేను దిగాల్సిన ఊరు. దిగలేదు. ఊరు దాటాక అడిగింది.

"టీచర్, అందరియ్యీ మీరే రాశారా?"

దాని గొంతులో ఆశ వినబడింది. అవునంటే చాలు. గోడంతా అబద్ధమైపోతుంది, రైతు పిల్లల బాబాయిలూ మావయ్యలూ కూడా నా చేతి రాతలే అయిపోతారు, దుర్గ అందరితో సమానమైపోతుంది. ఆ పిల్ల కింది పెదవి వైపు నేను చూడలేదు. చూస్తే మళ్ళీ అవునంటానని భయం.

"లేదమ్మా. వాళ్ళవి వాళ్ళ చుట్టాలే రాశారు. నీవొక్కటే నేను రాశాను" అన్నాను.

దుర్గ కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూసింది. మోపిదేవి వచ్చింది. "అయితే నాక్కూడా ఎవురూ రాయలేదన్నమాట" అంది.

"అవునమ్మా."

తర్వాత ముందు సీటులో నిద్రపోతున్న నాయనమ్మ వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"టీచర్, మామ్మ లేచాక అందరియ్యీ మీరే రాశారని సెప్పండే. లేకపోతే ఏడుత్తది."

నేను దుర్గకి ఏడాదంతా చాలా పాఠాలు చెప్పాను. ఇది మాత్రం చెప్పానని అప్పటిదాకా తెలియదు. నేర్చుకున్న పిల్ల మొహంలో కపటం లేదు, జాలి ఒక్కటే ఉంది, అచ్చం నాకున్నటువంటి జాలి. బస్సు అవనిగడ్డలో ఆగింది. నాంచారమ్మ ఉలిక్కిపడి లేచి, వెనక్కి తిరిగి మా ఇద్దరి మొహాలూ చూసింది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. దుర్గ మామ్మకి నవ్వుతూ, "అందరియ్యీ టీచరే రాశారంట మామ్మా" అని చెప్పడం మొదలుపెట్టింది.